మట్టెలకు చోటున్న బూట్లు

ఫోను మోగినప్పుడు నా కుడికాలు కొత్త బూటులో ఉంది, ఎడమకాలు గచ్చు మీద ఉంది. అలాగే కుంటుకుంటూ వంటింటి గూటి దాకా వెళ్ళి ఎత్తితే అవతల ఒక ఆడగొంతు, "హారతి గారేనాండీ? రాజమండ్రి ఆసుపత్రి నుంచండి. మీరు సెలక్టయ్యారండి, ఐసీయూకి. సోమవారం పొద్దున్నే డ్యూటీలో చేరిపోవాలండి. తెల్ల బూట్లు, ముందు మూసి ఉండేవి, అడుగు జారనివి వేసుకురండి, శాండిల్స్ మాత్రం ఒప్పుకోరు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నేను సరేనండీ, థాంక్సండీ, సరేనండీ అంటూనే ఉన్నాను, ఆవిడ పెట్టేశాక కూడా ఇంకోసారి సరేనండీ అన్నాను, ఎవరికి అన్నానో తెలియదు, కుక్కరుకి అయ్యుంటుంది, అది కూడా అప్పుడే కూత వేసింది. వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఇల్లంతా ఖాళీ, చెప్పడానికి మనిషి లేదు. మా ఆయనకు ఫోను చేద్దామని పేరు మీద వేలు పెట్టి తీసేశాను, శనివారం పూట ఎక్కడో ఎవరి మేడ మీదో నిచ్చెన ఎక్కి ఏసీ విప్పుతూ ఉంటారు, ఈ మాట విన్నారంటే రెండు చేతులూ వదిలేసినా వదిలేస్తారు, కింద ఉన్నప్పుడు చెప్పాలి ఆయనకు ఏదైనా. అత్తయ్యకు చేస్తే వినపడదు, ధవళేశ్వరం చేపల మార్కెట్టులో ఆ కేకల మధ్య, ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి బొడ్లో దోపుకుంటారు, మోగితే కడుపులో గుడగుడ అనుకుంటారు. తణుకులో అమ్మకు ముందు చెబితే ఇక్కడ వీళ్ళిద్దరికీ రెండోసారి చెప్పినట్టవుతుంది, వద్దు. అన్నాల వేళకు ఇద్దరూ వస్తారు. అందాకా ఈ కబురు నా ఒక్కదానిదే, బుగ్గన పెట్టుకున్న పటికబెల్లం ముక్కలాగా, కొరకకూడదు, కరగనియ్యాలి.

కరగనిస్తూ కూర్చున్నాను, బూటు ఇంకా కాలికే ఉంది. ఈ బూట్లు ఉద్యోగం కంటే ముందే వచ్చేశాయి మా ఇంటికి. పొద్దున ఆయన బయలుదేరుతూ బండి స్టార్టు చేసి, మళ్ళీ ఆపి, లోపలికి వచ్చి అట్టపెట్టె నా చేతిలో పెట్టారు, మధ్యాహ్నం దాకా తెరవొద్దు అన్నారు, ఆ వెంటనే లోపల ఏముందో తనే చెప్పేశారు, రహస్యం అనేది ఆయన దగ్గర వేడి గిన్నెలాంటిది, పట్టుకోలేరు. నిన్న సాయంత్రం దేవీచౌకు దగ్గర దుకాణంలో కొన్నారట. నేను ఎప్పుడో మాటల్లో చెప్పినవన్నీ గుర్తు పెట్టుకున్నారు, పైన జాలీ గుడ్డ ఉండకూడదు, రక్తమో మందో పడితే లోపలికి దిగిపోతుంది, తడిగుడ్డ పెడితే తుడుచుకుపోవాలి, మడమ ఎత్తు ఉండకూడదు, నడిస్తే చప్పుడు రాకూడదు, చేత్తో పట్టుకుంటే బరువు తెలియకూడదు, అన్నిటికంటే ముందు తడి నేల మీద జారకూడదు. జారదండి బాబూ అని దుకాణం పెద్దాయన చెబితే ఈయన నమ్మలేదట, అక్కడి మంచినీళ్ళ గ్లాసు తీసి టైల్సు మీద ఒంపేశారట. "ఆయ్, ఏంటండీ ఇదీ! కొత్త టైల్సండి!" అని ఆయన లబలబలాడుతుంటే ఈయన గొంతుక్కూర్చుని బూటు చేతికి తొడుక్కుని నీళ్ళలో అటూ ఇటూ తోసి చూశారట. మా ఆవిడ నర్సండి, ఆవిడ జారితే ఆవిడ ఒక్కతే పడదండి అన్నారట. ఏ ఆసుపత్రండి అని అడిగితే, ఇంకా రాలేదండి ఉద్యోగం, వచ్చేస్తదండి అన్నారట. ఎంత ధైర్యమో. నాకే లేదు అంత. తడిపిన జత వెనక్కి తీసుకోమండి అని పెద్దాయన ముందే చెప్పాడట, అది కూడా గొప్పగా చెప్పారు నాకు, మనకి వెనక్కిచ్చే పనేముందే అని, గేటు దగ్గర హెల్మెట్ లోపలి నుంచి నవ్వుతూ.

పెట్టె తెరిస్తే కొత్త రబ్బరు వాసన, పల్చటి కాగితం చప్పుడు, ఒక్కో బూటులో చిన్న చిన్న గుళికల పొట్లం, తినరాదు అని రాసి ఉన్నది, దాన్ని కూడా పారెయ్యలేదు నేను, బీరువాలో పట్టుచీర మడతలో పెట్టాను. అడుగున రబ్బరు మీద సన్నటి గాడులు, నీళ్ళు పక్కలకు పోవడానికి, వేలితో తడిమితే ఇసుకలో ఎండ్రకాయ నడిచిన జాడల్లా ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను చెప్పని మంచి కూడా ఒకటి ఉంది, లోపలి మెత్త ఊడదీసి ఉతుక్కోవచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నాయి గానీ నా కాలు పట్టడం లేదు. మడమ లోపలికి దిగింది, వేళ్ళు ముందుకు వెళ్ళి ఆగిపోయాయి, బొటనవేలి పక్క వేలికున్న మట్టె అటు బొటనవేలిని కొరుకుతోంది, ఇటు మూడో వేలిని కొరుకుతోంది. నాలుగడుగులు వేస్తే కొత్తదనం అనుకున్నాను, వంటింటి నుంచి వీధి అరుగు దాకా నడిస్తే సర్దుకుంటుంది అనుకున్నాను, అరుగు నుంచి ఒంటికాలి మీద వచ్చాను.

తప్పు టేపుది కాదు. రాగి గొట్టం కోస్తే వెంట్రుకంత తేడా రానివ్వని మనిషి ఆయన. పోయిన ఆదివారం మధ్యాహ్నం వాన పడుతుంటే నేను బోర్లా పడుకుని నిద్ర నటిస్తున్నాను, ఆయన వచ్చి తలమీద ముద్దు పెడతారేమో అని, ఆయనేమో తల వైపు రాకుండా కాళ్ళ వైపు వెళ్ళారు, ఏదో చల్లగా అరికాలికి తగిలింది, స్టీలు టేపు. అర్థమైపోయింది. బూట్లు! దిండులో మొహం దాచుకుని నవ్వు ఆపుకున్నాను, నవ్వు నోట్లో ఆగింది గానీ కాళ్ళలో ఆగలేదు, చక్కిలిగిలి, వేళ్ళన్నీ నత్తలాగా లోపలికి ముడుచుకున్నాయి, ఆయన పాపం ఊపిరి బిగబట్టి ముడుచుకున్న కాలినే కొలిచి, అరచేతిలో పెన్నుతో రాసుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు. పైగా పడుకున్న కాలు. నిలబడితే మనిషి బరువుకు పాదం సాగుతుంది, వెడల్పవుతుంది, పొద్దుటికీ సాయంత్రానికీ నీరు దిగి ఇంకా పెరుగుతుంది, ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే, ఆ మధ్యాహ్నం మాత్రం లేచి నిలబడాలని అనిపించలేదు. లేస్తే ఆయన ముచ్చట పాడైపోతుంది కదా.

అందుకని ఇప్పుడు ఏం చెయ్యాలి. చిన్నదిలే, ఓర్చుకుందాం అనుకోవడానికి ఇది గుడికి వేసుకెళ్ళే చెప్పు కాదు. పొద్దున్న డ్యూటీ ఎక్కితే మధ్యాహ్నం దిగేదాకా కూర్చోవడం ఉండదు ఐసీయూలో, మంచానికీ మంచానికీ మధ్య ఊళ్ళకు ఊళ్ళు నడిచినట్టుంటుంది. చదువుకునేటప్పుడు కాలేజీ గేటు ముందు అందరం ఒకేలాంటి గట్టి బూట్లు కొనుక్కున్నాం, వార్డులో టకటకలాడేవి, నిద్ర పట్టని ముసలాయన ఒకాయన నన్ను చూసి గుర్రబ్బండి వచ్చిందర్రా అనేవాడు, సాయంత్రం హాస్టల్లో నలుగురం ఒకే టబ్బులో వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం, ఎవరి వేలు ఎవరిదో తెలిసేది కాదు. తణుకులో నేను పనిచేసిన నర్సింగ్ హోములో నాగదుర్గ సిస్టర్ అయితే బూట్లే వేసుకునేది కాదు, నున్నటి మెత్తటి చెప్పులు, ఉబ్బరిస్తుందమ్మా అనేది. ఒకరోజు సెలైను నీళ్ళు కింద కారి ఉన్నాయి, ఎవరూ చూడలేదు, ఆవిడ చేతిలో ట్రే, ట్రేలో ఇంజెక్షన్లు, కాలు అలా ముందుకు వెళ్ళిపోయింది. పడుతూ కూడా ట్రే పైకే పట్టుకుంది ఆవిడ. ఇంజెక్షన్లు పగల్లేదు, మణికట్టు విరిగింది. కట్టు కట్టేటప్పుడు నా వైపు చూసి నవ్వి, "నువ్వు నాలాగా వేసుకోకే పిల్లా" అంది. అప్పటి నుంచి ఏ నర్సును చూసినా ముందు కాళ్ళు చూస్తాను. నొప్పెట్టే బూటు కూడా జారే బూటు లాంటిదే. కాలు మంట పెడుతుంటే మనసు సగం అక్కడే ఉంటుంది, ఎప్పుడు కూర్చుందామా అనిపిస్తుంది, చెయ్యి తొందరపడుతుంది, తొందరపడ్డ చేతికి సూది ఇవ్వకూడదు.

మట్టెలు లేకపోతే పట్టేస్తుంది. ఆ సంగతి ఇందాకటి నుంచీ తెలుస్తూనే ఉంది, తెలియనట్టు కూర్చున్నాను. పొడుగు కాస్త బిగువే గానీ, ఆ రెండు వెండి చుట్లూ లేకపోతే వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. చాలామంది తీస్తారు. డ్యూటీ ఎక్కేముందు తీసి పర్సులో వేసుకుంటారు, దిగాక పెట్టుకుంటారు, నాగదుర్గ సిస్టర్ అయితే పిన్నీసుకు గుచ్చి నల్లపూసలకు తగిలించుకునేది. అందులో ఏముంది. ఏమీ లేదు. బీఎస్సీ చదివినదాన్ని, వెండి ముక్కకూ మనిషి ఆయుష్షుకూ సంబంధం లేదని నాకు తెలుసు, ఎన్ని మానిటర్ల ముందు నిలబడ్డాను. తెలుసు గానీ నా చెయ్యి కాలి దాకా వెళ్ళి ఆగిపోతోంది. సన్నికల్లు తొక్కించినప్పుడు ఆయన నా పాదం పట్టుకున్నారు, అదే మొదటిసారి, ఆయన వేళ్ళు వణుకుతున్నాయి, నా కాలూ వణుకుతోంది, రెండు వణుకులూ ఒకదానికొకటి తగిలి ఆగిపోయాయి. మట్టె వదులుగా ఉందని రెండు వేళ్ళతో నొక్కి బిగించి, పురోహితుడు మంత్రం చదువుతుంటే మధ్యలో నాకు మాత్రం వినపడేట్టు, "లీకు లేదు" అన్నారు. పీటల మీద నవ్వాను నేను. వీడియోలో ఉంది, పెళ్ళికూతురు నవ్వుతోందని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. ఆషాఢంలో నన్ను తణుకు పంపించేశాక నెలంతా నడుస్తుంటే ఆ మట్టెలే, గచ్చు మీద టిక్ టిక్ మని, పక్కన ఎవరో ఉన్నట్టు. శ్రావణం వచ్చి గోదావరిలో ఎర్రనీళ్ళు దిగాక గానీ తీసుకురాలేదు ఆయన నన్ను.

పోనీ తీస్తే అత్తయ్య చూస్తారు. ఏమీ అనరు ఆవిడ, అది నాకు తెలుసు, అనకపోవడమే భయం. రోజూ సాయంత్రం అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటారు, చిన్న పాదాలు, పొట్టి మనిషి, మార్కెట్టు నీళ్ళలో నాని నాని మడమలు పగిలి ఉంటాయి. బొటనవేలి పక్క వేలి మొదట్లో ఒక నొక్కు ఉంటుంది, తెల్లటి గాడి, మావయ్య పల్లంరాజు గారు పోయి ఏళ్ళవుతున్నా అది పూడలేదు. నా కంటే ముందు ఆవిడ కాళ్ళకూ ఉండి, తీసెయ్యాల్సి వచ్చినవి మట్టెలు. ఆవిడ ముందు నేను వాటిని బూటు కోసం తీసి డబ్బాలో వెయ్యడం ఎలా. వెయ్యకుండా, ఆయనతో ఏవండీ బూట్లు పట్టలేదండీ అనడం ఎలా. నీళ్ళు పోసి మరీ తెచ్చారు కదా.

అప్పుడు ఒక ఉపాయం తోచింది. తియ్యొద్దు, వదులు చేద్దాం. చుట్టు కొంచెం విప్పి పల్చగా నొక్కితే వేలికి అంటుకుని ఉంటుంది, అటూ ఇటూ పొడుచుకోదు. మంచం కింద ఆయన పాత పనిముట్ల డబ్బా ఉంది, కొత్తది కొనుక్కున్నాక దాన్ని ఎవరూ తియ్యరు, తెరిస్తే మూత కిర్రుమంది, స్క్రూడ్రైవర్లు, ఇన్సులేషన్ టేపు చుట్ట, అడుగున ఎర్ర పిడుల కటింగ్ ప్లేయరు. దాన్ని తీసుకుని నేల మీద కూర్చుని కాలు దగ్గరకు లాక్కుని ప్లేయరు నోరు మట్టె కొసకు ఆనించాను, చల్లగా ఉంది, అంతలో గుమ్మంలో నీడ పడింది. అత్తయ్య. నెత్తి మీద ఖాళీ గంప, చీర కుచ్చిళ్ళు తడి, ఒక కాలు కాస్త ఈడుస్తున్నారు. నా కాలూ చూశారు, చేతిలో ప్లేయరూ చూశారు.

"అది పెట్టెయ్యమ్మా" అన్నారు. గట్టిగా కాదు. గంప దించారు, నా పక్కన చతికిలబడ్డారు, నా చేతిలోంచి ప్లేయరు తీసుకుని తన వెనక్కి పెట్టేసుకున్నారు. "బూటు పట్టట్లేదత్తయ్యా, తియ్యట్లేదు, కాస్త వదులు చేద్దామని" అని నేను గొణుగుతున్నాను, ఆవిడ వినడం లేదు, నా మట్టెను తడి వేలితో సరిచేస్తున్నారు, చేపల వాసన, ఐసు చల్లదనం. "నాయి ఆ రోజు రాలేదమ్మా. వేలు లావెక్కిపోయింది, సబ్బెట్టినా రాలేదు. దీంతోనే కోశారు" అన్నారు, వెనక ఉన్నదాన్ని చూడకుండా. అంతే. నేను ఆవిడ భుజానికి తల ఆనించాను, అప్పుడు నోట్లోంచి అదే జారిపోయింది, ఇందాకటి నుంచి దాచుకున్న ముక్క. "ఉద్యోగం వచ్చిందత్తయ్యా."

"ఎప్పుడూ? ఎప్పుడొచ్చింది? ఇందాకా చెప్పవేంటే పిల్లా, మట్టెల గొడవ పెట్టుకుని!" అని నా రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేశారు, చెంపకు చేప పొలుసు ఒకటి అంటుకుంది, తుడుచుకోలేదు నేను. లేవబోయి "అబ్బా" అని తుంటి పట్టుకున్నారు. ఏంటత్తయ్యా అంటే ఏం లేదన్నారు, నర్సు దగ్గర ఏం లేదు అంటే కుదురుతుందా, వేలితో నొక్కాను, కెవ్వుమన్నారు. నిన్న మార్కెట్టులో నీళ్ళలో జారారట. రోజూ అందరం జారతాం, అదేమన్నా వింతా అన్నారు. ఆవిడ రబ్బరు చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి, తిప్పి చూశాను, అడుగు అద్దంలా ఉంది, గీత అనేది లేదు. నేను ప్రపంచంలో నర్సులందరి కాళ్ళూ చూస్తూ తిరిగాను. ఇంట్లో, ఇదే గచ్చు మీద, తడి నేల మీద రోజంతా నిలబడే మనిషి ఒకరున్నారు. ఆవిడ కాళ్ళు కడిగాను, వద్దే వద్దే అంటున్నా కడిగాను, తుడిచాను, తెల్ల బూటు తీసి తొడిగాను. దిగిపోయింది. మడమ దిగింది, వేళ్ళు దిగాయి, మట్టెల చోట ఖాళీ ఉన్న ఆ రెండు వేళ్ళూ హాయిగా లోపల సర్దుకున్నాయి. సంతోషించాలో ఏడవాలో తెలియక లేసు కడుతూ తల వంచుకున్నాను.

"నేనా? ఇవేసుకుని చేపలమ్మాలా? మార్కెట్టంతా నర్సమ్మొచ్చింది నర్సమ్మొచ్చింది అని చేతులు చాపుతారు సూది పొడవమని!" అంటూనే ఆవిడ లేచి నిలబడ్డారు, ఒకడుగు వేశారు, ఇంకో అడుగు వేశారు, చీర పైకెత్తి పట్టుకుని తన కాళ్ళను తనే చూసుకున్నారు. "మెత్తగా ఉందే అమ్మాయ్" అన్నారు, నెమ్మదిగా. మోటారు సైకిలు చప్పుడు అయింది. ఆయన గుమ్మంలోకి వచ్చి, వాళ్ళమ్మ కాళ్ళ వంక చూసి, నా వంక చూసి, చెంప మీద పొలుసు చూసి, "ఏంటమ్మా ఇది, దాని బూట్లు నీ కాళ్ళకున్నాయి?" అన్నారు. నేను గోడకు ఆనుకుని అన్నీ ఒక్కసారే చెప్పేశాను, ముందు ఉద్యోగం, తర్వాత పట్టకపోవడం, ఆ తర్వాత చక్కిలిగిలి. "అంటే నువ్వు నిద్దరోలేదా?" అన్నారు ఆయన, చెవులు ఎర్రబడ్డాయి, అత్తయ్య నవ్వీ నవ్వీ తుంటి పట్టుకుని కూర్చుండిపోయారు. ఉద్యోగం సంగతి ఆయన తలకెక్కడానికి ఇంకాసేపు పట్టింది, ఎక్కాక నన్ను ఎత్తబోయి, వాళ్ళమ్మ ఉన్నారని గుర్తొచ్చి గంప ఎత్తారు, ఖాళీ గంపను గాల్లో తిప్పారు. ఆ సందట్లోనే చూశాను, అత్తయ్య వెనక నేల మీదున్న ప్లేయరు ఆయనకూ కనపడింది. గంప దించారు. వంగి దాన్ని తీసి జేబులో వేసుకున్నారు, తర్వాత నా కాళ్ళ ముందు కూర్చుని మట్టెలు రెండూ వేలితో తాకి చూశారు. ఉన్నాయి.

"రేపు సాయంత్రం దుకాణానికి వెళ్దాం" అన్నారు, లేవకుండానే. "పొద్దుటినుంచీ నువ్వు కూర్చోకు, తిరుగుతూనే ఉండు, కాలు బాగా సాగాలి. మట్టెలు ఉంచుకునే, మేజోళ్ళేసుకునే కొలిపిద్దాం, నిలబెట్టి. ఈసారి నేను కొలవను." అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, కాళ్ళకు తెల్ల బూట్లతో, గుమ్మం మీద నుంచి మెల్లగా, ఇందాక కాళ్ళు కడిగిన నీళ్ళు పారిన అరుగు మీదకు దిగారు. ఒకసారి పాదం ముందుకు తోసి చూసుకున్నారు. జారలేదు. "ఆదివారం బేరం అయిపోగానే నేనూ వచ్చేస్తాను, తిన్నగా ఇవేసుకునే" అన్నారు. "ఆ కొట్టాయన ఈసారి గ్లాసు దాచేసుకుంటాడ్రా అబ్బాయ్. నీళ్ళు మనింటి నుంచి నేను సీసాతో పట్టుకొస్తాను."